బండి అమ్మకానికి పెట్టాను, కొనేటాయన "మా బామ్మర్దికి రేటు చెప్పొద్దు" అంటున్నాడు. ఏం చేయాలి?

నయీంనగర్_నవాబు
2019 మోడల్ 125 సీసీ బండి, టీఎస్ 03 సిరీస్, సింగిల్ ఓనర్. ఆదివారం ఒక సెకండ్ హ్యాండ్ యాప్‌లో, ఇక్కడి రెండు ఫేస్‌బుక్ గ్రూపుల్లో యాడ్ పెట్టాను. రేటు 52 వేలని రాశాను, 48కి వచ్చినా ఇచ్చేద్దామని మనసులో ఉంది. రోజంతా "లాస్ట్ ఎంత బ్రో" తప్ప ఇంకో మాట లేదు. నిన్న సాయంత్రం ఒకాయన ఫోన్ చేశాడు. మర్యాదగా మాట్లాడాడు, బేరం ఆడనే లేదు, 52కి ఓకే అన్నాడు. తనకు కరీంనగర్‌లో కాంట్రాక్ట్ పని నడుస్తోందట, రాలేడట, బామ్మర్ది వచ్చి బండి చూసుకుంటాడట. ఇక్కడి దాకా బాగానే ఉంది.

ఆ తర్వాత అన్న మాట ఇది: "మా బామ్మర్దితో రేటు ముచ్చట తీయకండి. వాడికి నేను పైసలు ఇచ్చేది ఉంది, అందులో ఈ బండి సర్దుతున్నా. ఎంతకు అమ్ముతున్నారని అడిగితే ఫోన్‌లో మాట్లాడుకోమనండి. మీ పైసలు నేనే వేస్తా." ఫైనాన్స్ ఉందో లేదో చూసుకోవాలని ఆర్సీ ఫోటో, నా ఆధార్ వాట్సాప్‌లో అడిగాడు. ఆర్సీ పంపాను, ఆధార్ ఇంకా పంపలేదు.

బామ్మర్ది రేపు 11 గంటలకు వస్తాడట. ఇంట్లోవాళ్లు "52 వస్తున్నాయి కదా, ఎవరు ఎవరికి అప్పుంటే మనకేంది" అంటున్నారు. నాకేమో తేడా కొడుతోంది. ఎవరికైనా ఇట్లాంటిది ఎదురైందా?

కాజీపేట_లోకో
ఆధార్ పంపకు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పరకాల_పిల్లగాడు
బేరం ఆడకుండ 52కి ఒప్పుకున్నడా? మన వరంగల్‌ల? కొత్తిమీర కట్ట కాడ గూడ బేరమాడే ఊరన్నా ఇది. నీకు అక్కడనే తెల్వాలె.

సుబేదారి_సుబ్బన్న
ఇది కొత్తదేం కాదు. బండ్ల దగ్గర, ఫోన్ల దగ్గర, ట్రాక్టర్ల దగ్గర చాలా కాలంగా నడుస్తున్న మోసమే. ఎట్లా చేస్తారో మొత్తం చెప్తాను, నీ కథతో ఎంతవరకు కలుస్తుందో చూసుకో.

ఆ "బావ" నీ యాడ్‌లోని ఫోటోలు తీసుకుని ఈపాటికి ఇంకో చోట నీ బండినే అమ్మకానికి పెట్టి ఉంటాడు, 30 వేలకో 33 వేలకో. రేపు వచ్చేది బామ్మర్ది కాదు. ఆ రెండో యాడ్ చూసి ఆశపడి వస్తున్న అసలు గిరాకీ. అతనికి నీ గురించి ఏం చెప్తారంటే, "బండి దగ్గర మా తమ్ముడు ఉంటాడు, వాడితో రేటు మాట్లాడకు, తెలిస్తే ఇంట్లో లొల్లి అయితది" అని. నీకేమో అతను బామ్మర్ది. అతనికి నువ్వు తమ్ముడివి. ఇద్దరి నోళ్లకూ తాళం పడింది.

అతను బండి చూస్తాడు, నడిపి చూస్తాడు, నచ్చుతుంది. ఫోన్ చేసి "అన్నా బండి మంచిగుంది" అంటాడు. "సరే, ఈ నంబర్‌కు కొట్టు" అంటాడు వీడు. అతను నీ కళ్ల ముందే నిలబడి 30 వేలు వాడికి కొడతాడు. నీకు ఒక స్క్రీన్‌షాట్ వస్తుంది, లేదంటే "సర్వర్ డౌన్, అరగంటలో పడతాయి" అని చెప్తాడు. ఆ తర్వాత ఫోన్ స్విచ్ఛాఫ్. పైసలు కట్టినాయన తాళంచెవి ఇవ్వమంటాడు, పైసలు రాని నువ్వు ఇవ్వనంటావు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ ఎదుటివాడే దొంగ అనుకుంటారు. నేను చూసిన ఒక కేసులో ఇద్దరూ కాలర్లు పట్టుకుని స్టేషన్‌కు పోయారు. అసలువాడి ముఖం ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

ఆర్సీ ఎందుకు అడిగాడంటే, "బండి నాదే, చూడు" అని రెండోవాడికి పంపడానికి. ఆధార్ కూడా పంపితే నీ పేరు పెట్టుకునే మాట్లాడతాడు.

కాజీపేట_లోకో
అదే చెప్పబోయాను. యాడ్ ఉందేమో వెతుకు. రేటు తగ్గించి, జిల్లా మార్చి చూడు. కరీంనగర్, పెద్దపల్లి, జమ్మికుంట పెట్టి చూడు.

నయీంనగర్_నవాబు
దొరికింది. కరీంనగర్ లొకేషన్, 31,500. నా ఫోటోలే. ఒక ఫోటోలో నంబర్ ప్లేట్ కనబడకుండా బొటనవేలు అడ్డం పెట్టి తీశాను, ఆ వేలితో సహా ఉంది. వెనక మా గోడకు ఆనించిన మడత మంచం కూడా కనబడుతోంది. కింద "అర్జెంట్ సేల్, దుబాయ్ వెళ్తున్నాం" అని రాశాడు.

పరకాల_పిల్లగాడు
వేలు అద్దె అడుగన్నా 😂

గోదావరిఖని_బొగ్గు
ఆ యాడ్‌ను రిపోర్ట్ కొట్టు, వాణ్ని బ్లాక్ చెయ్, రేపు 11కి ఇంటికి తాళం వేసి ఎటన్నా పో. ఊరి లొల్లి మనకెందుకు? స్టేషన్ దాకా పోతే నీ ఆర్సీ, నీ అడ్రస్, నీ పేరే ముందు రాస్తారు.

హన్మకొండ_అక్క
బొగ్గు గారూ, వచ్చే అబ్బాయి ఏ ఊరి నుంచి ఎవరి పైసలు తెచ్చుకుంటున్నాడో. తాళం వేసి పోతే ఆ దొంగ "మా తమ్ముడు ఊరికి పోయాడు, టోకెన్ వేస్తే బండి ఆపుతా" అని ఇంకా గుంజుతాడు. ఇంటి దగ్గరే ఉండి, రాగానే అడగాలి: మీకు ఈ బండి ఎవరు చెప్పారు, ఎంతకు చెప్పారు, పైసలు ఎవరికి ఇస్తున్నారు.

గోదావరిఖని_బొగ్గు
అతను కూడా దొంగ మనిషే అయితే? ఇద్దరు కలిసి వచ్చేవాళ్లు కూడా ఉంటారు అక్కా.

హన్మకొండ_అక్క
ఉంటారు. అందుకే తాళంచెవి జేబులో పెట్టుకుని, పక్కింటాయనను తోడు పెట్టుకుని అడగాలి. అడగడానికి భయమెందుకు.

సుబేదారి_సుబ్బన్న
అక్క చెప్పిందే నా మాట కూడా. ఇంకో ముక్క. రేపు ఆ "బావ" ఫోన్‌లో నిన్ను తొందరపెడతాడు, "ఆయనకు బండి ఇచ్చేయండి, పైసలు పంపిన" అని. నీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ పెరిగిందో లేదో చూసుకునేదాకా తాళంచెవి చేతిలోంచి జారకూడదు. స్క్రీన్‌షాట్‌ను లెక్కలోకి తీసుకోకు. మెసేజ్‌ను కూడా. బ్యాంకు మెసేజ్ మామూలు పది అంకెల మొబైల్ నంబర్ నుంచి రాదు.

కేయూ_హాస్టల్
అన్నా డౌట్. ఫేక్ పేమెంట్ యాప్‌లు అంటున్నారు కదా, అవి నిజంగా ఉంటాయా, లేక ఫోటో ఎడిటింగేనా?

ల్యాప్‌టాప్_డాక్టర్
ఉంటాయి. అసలు యాప్ లాగే రంగు, అట్లాగే టిక్ మార్కు, అట్లాగే శబ్దం. మన పేరు, మన నంబర్, ఎమౌంట్ కొడితే "సక్సెస్‌ఫుల్" అని చూపిస్తాయి. నా షాపులో ఒకడు మౌస్, కీబోర్డ్ తీసుకుని ఇట్లాగే చూపించాడు. మా పిల్లవాడు "సౌండ్ బాక్స్ మోగలేదు సార్, ఒక్క నిమిషం ఉండండి" అన్నాడు. "నాకు బస్ ఉంది" అని వస్తువులు కౌంటర్ మీదే పెట్టి జారుకున్నాడు. నిజంగా పైసలు కట్టినవాడెవడూ సామాను వదిలేసి పోడు కదా.

హన్మకొండ_అక్క
అమ్మేవాళ్లకు ఇంకో రకం ఉంది, ఆర్మీ రకం. మేం నక్కలగుట్టలో ఇల్లు మారేటప్పుడు సోఫా అమ్మకానికి పెట్టాం. యాడ్ పెట్టి చాయ్ కూడా తాగలేదు, ఫోన్ వచ్చింది. హిందీలో మాట్లాడాడు. తాను ఆర్మీ అని, సికింద్రాబాద్ నుంచి బదిలీ అవుతోందని, సోఫాకు ఆర్మీ బండి పంపిస్తానని చెప్పాడు. నేను అడగకుండానే యూనిఫాంలో ఫోటో, ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు, ఆధార్ అన్నీ వరుసగా పంపాడు. సోఫా ఎంతమంది కూర్చునేదో మాత్రం అడగలేదు. రంగు అడగలేదు. స్ప్రింగులు పోయాయా అని అడగలేదు. మేం మన ఊళ్లో ఒక కుర్చీ కొన్నా తిరగేసి కాళ్లు చూస్తాం.

తర్వాత "ఆర్మీ అకౌంట్ రూల్ ఇది, ముందు మీరు ఒక రూపాయి పంపితే మీకు రెండు వస్తాయి" అన్నాడు. నిజంగానే రెండు వచ్చాయి! అక్కడే నమ్మకం కుదురుతుంది చూడండి. ఆ వెంటనే 14,000 రాసి ఉన్న క్యూఆర్ పంపి, "స్కాన్ చేయండి, మీకు పడతాయి" అన్నాడు. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, స్కాన్ చేశాక చూసి "అమ్మా, ఇది పిన్ అడుగుతోంది" అన్నాడు. ఆపేశాం. పిన్ కొట్టనని చెప్పగానే ఆ మర్యాద అంతా ఎటు పోయిందో, దేశం కోసం పనిచేసేవాళ్లను అవమానిస్తున్నారని తిట్ల దండకం.

పరకాల_పిల్లగాడు
మా బాపు గూడ గదే అంటడు, క్యూఆర్ స్కాన్ చేస్తె పైసలు వస్తయని. ఎంత చెప్పినా ఇంటలేడు.

ల్యాప్‌టాప్_డాక్టర్
బాపుకు ఇట్లా చెప్పు తమ్మీ. కిరాణా దుకాణంలో క్యూఆర్ స్కాన్ చేసేది ఎవరు? సామాను కొన్న మనం. పైసలు పోయేది ఎవరివి? మనవి. స్కాన్ చేసినవాడి జేబులోంచే పైసలు పోతాయి. దుకాణదారు రోజుకు వందమంది దగ్గర తీసుకుంటాడు, ఒక్కసారైనా పిన్ కొడుతున్నాడా? మనకు పైసలు రావాలంటే మన నంబరో, యూపీఐ ఐడీయో ఎదుటివాడికి చెబితే చాలు. పిన్, ఓటీపీ, స్కాన్ ఏవీ అక్కర్లేదు.

ఇంకోటి. ముందు "కలెక్ట్ రిక్వెస్ట్" అని వచ్చేది, ఎవడో పంపితే మనం ఒప్పుకుని పిన్ కొడితే పైసలు పోయేవి. మనిషికీ మనిషికీ మధ్య అట్లా అడిగే పద్ధతిని యూపీఐ నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేయించింది. వ్యాపారుల పేరుతో వచ్చే రిక్వెస్టులు ఇంకా ఉన్నాయి, ఆటో పే కూడా ఉంది. కాబట్టి అంతా సేఫ్ అనుకోకండి.

వాట్సాప్‌లో "బండి ఫోటోలు", "పార్సిల్ రసీదు", "ఆర్టీఓ చలాన్" అని ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తే అస్సలు తెరవకండి. ఫోటోలు ఏపీకేలో రావు. అది ఇన్‌స్టాల్ అయితే మన మెసేజ్‌లు, ఓటీపీలు వాడే చదువుకుంటాడు.

బట్టలబజార్_బాషా
ఇన్ని తిప్పలెందుకు భాయ్. నోట్లు తెస్తే బండి, లేకుంటే లేదు. మా నాన్న కాలం నుంచి ఇదే పద్ధతి, ఎవ్వడూ మోసం చేయలేదు.

ల్యాప్‌టాప్_డాక్టర్
దొంగ నోట్లు వస్తే?

బట్టలబజార్_బాషా
నేను బట్టల దుకాణంలో కూర్చునేవాణ్ని. నోటు చేతిలో పడితే వేళ్లే చెప్తాయి.

ఫారం29
బాషా భాయ్ వేళ్లు అందరికీ ఉండవు. మామూలు మనుషులు ఏదైనా బ్యాంకు క్యాష్ డిపాజిట్ మెషిన్ దగ్గర కలుసుకుని, పైసలు తీసుకుని అక్కడికక్కడే తమ ఖాతాలో వేసుకోవడం మంచిది. మెషిన్ లెక్కపెడుతుంది, చూస్తుంది, పైన కెమెరా ఉంటుంది. బండికి ఇది సరిపోతుంది. కారుకో ట్రాక్టర్‌కో అయితే రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదని ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో ఉంది. తీసుకున్నవాడి మీదే అంతే మొత్తం జరిమానా పడుతుంది. అక్కడ చెక్కో, బ్యాంకు ట్రాన్స్‌ఫరో తప్పదు.

చౌరస్తా_మొబైల్స్
ఆన్‌లైన్‌లో పైసలు నిజంగా పడినా తిప్పలు ఉంటాయని ఎవరూ చెప్పడం లేదు, అందుకే రాస్తున్నా. నాకు సెకండ్ హ్యాండ్ ఫోన్ల దుకాణం ఉంది. ఒక కుర్రాడు వచ్చి ఒక మంచి ఫోన్ ఎంచుకున్నాడు. "మా అన్న పంపుతాడు" అని ఎవరికో ఫోన్ చేశాడు, నా ఖాతాలో 38 వేలు పడ్డాయి. బ్యాంకు యాప్‌లో చూసుకున్నా, నిజం పైసలే. బిల్లు ఇచ్చా, ఫోన్ ఇచ్చా. కొన్ని రోజులకు నా ఖాతా ఆగిపోయింది. హోల్‌సేల్‌కు కట్టాల్సినవి, పిల్లల ఫీజులు అన్నీ అందులోనే. బ్యాంకుకు పోతే వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల నుంచి రాసివచ్చిందన్నారు. ఆ 38 వేలు పంపింది అన్న కాదు, అక్కడెక్కడో మోసపోయిన మనిషి. దొంగ ఆయన్ని నా క్యూఆర్‌కే పైసలు వేయమన్నాడు. పైసలు దొంగ చేతికి రాలేదు, ఫోన్ వచ్చింది.

సుబ్బన్న గారు చెప్పిన ఆటలో మనకు పైసలు రావు. ఇందులో వస్తాయి, వచ్చినందుకే ఇరుక్కుంటాం.

కేయూ_హాస్టల్
అయ్యో. మరి ఖాతా ఎట్లా తెరుచుకుంది అన్నా?

చౌరస్తా_మొబైల్స్
ముందు బ్యాంకు వాళ్లను పట్టుకుని ఆ కంప్లైంట్ నంబర్, ఏ స్టేషనో, ఎంత మొత్తమో రాయించుకోవాలి. ఊరికే "ఫ్రీజ్ అయింది" అంటే వినొద్దు, కాగితం అడగండి. తర్వాత బిల్లు కాపీ, ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) రాసిన రిజిస్టర్ పేజీ, సీసీ కెమెరా క్లిప్, ఆ కుర్రాడు ఇచ్చిన ఐడీ కాపీ అన్నీ ఆ స్టేషన్‌కు మెయిల్ చేసి, వివాదం ఉన్న 38 వేలు మాత్రం ఆపి మిగతా ఖాతా వదలమని అడిగాం. చాలా ఫోన్లు చేయాల్సి వచ్చింది. ఖాతా తెరిచారు. ఆ 38 వేలు ఇంకా కదలలేదు. సీసీ క్లిప్ నెల దాటితే చెరిగిపోతుంది, నేను ముందే తీసి పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు నా దుకాణంలో ఒకటే రూలు. కొనే మనిషి ఎవరో, పైసలు పంపే ఖాతా కూడా ఆ మనిషి పేరు మీదే ఉండాలి. అన్న, బావ, సేఠ్, ఫ్రెండ్ ఎవరు పంపినా తీసుకోను. గిరాకీ పోతే పోనీ.

సుబేదారి_సుబ్బన్న
ఇదీ అసలు మాట. నవాబ్ కథలోనూ అంతే. మాట్లాడేవాడొకడు, చూసేవాడొకడు, పైసలు పంపేది ఇంకెవడో. ముగ్గురూ ఒకే మనిషి కాకపోతే అక్కడే ఆగాలి.

గోదావరిఖని_బొగ్గు
అట్లైతే మా ఇంట్లో ఏదీ కొనలేం. మా నాన్న చూస్తాడు, నేను మాట్లాడతా, పైసలు మా ఆవిడ ఫోన్ నుంచి పోతాయి. ముగ్గురం వేరే వేరే.

హన్మకొండ_అక్క
మీ ఆవిడను కూడా వెంట తీసుకుపొండి. బేరం కూడా ఆమే ఆడుతుంది, రెండు వేలు మిగులుతాయి.

కేయూ_హాస్టల్
ఫోన్ కొనేవాళ్లకు కూడా చెప్పండి అన్నా. మా రూమ్‌మేట్ ఒక ఫోన్ తక్కువకు వస్తోందని చూస్తున్నాడు. బిల్లు పోయిందంటున్నాడట.

చౌరస్తా_మొబైల్స్
*#06# కొడితే ఐఎంఈఐ వస్తుంది. కేవైఎం అని ఇంగ్లిష్‌లో రాసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు కొట్టి 14422కు మెసేజ్ పంపమను. సంచార్ సాథీ సైట్లో కూడా చూసుకోవచ్చు. పోయిన ఫోన్ అని ఎవరైనా ఫిర్యాదు చేసి బ్లాక్ చేయిస్తే తెలుస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు ఐఎంఈఐలు ఉంటాయి, రెండూ చూడాలి. పెట్టె ఉంటే పెట్టె మీది నంబర్‌తో కలవాలి.

తర్వాత, అమ్మేవాడి ముందే రీసెట్ కొట్టించి, పాత గూగుల్ ఖాతా అడగకుండా ఫోన్ తెరుచుకుంటుందో లేదో చూడాలి. ఐఫోన్ అయితే వాడి ఐక్లౌడ్ తీయించాలి. ఈఎంఐ బాకీ ఉన్న ఫోన్లు ఇంకో తలనొప్పి. కిస్తీ కట్టకపోతే ఫైనాన్స్ వాళ్లు దూరం నుంచే లాక్ వేస్తారు, కొన్నవాడి చేతిలో ఫోన్ రాయిలా ఉండిపోతుంది. బిల్లు లేదన్నాడంటే నేనైతే వదిలేస్తా.

కాజీపేట_లోకో
టెస్ట్ రైడ్ ముచ్చట కూడా నవాబ్‌కు చెప్పండి. మా బామ్మర్ది (నిజం బామ్మర్ది!) బండి అమ్ముతుంటే ఒకడు వచ్చి "నా బండి మీ దగ్గర పెట్టి పోతా, ఒక్క రౌండ్" అన్నాడు. సరే వాడి బండి ఉంది కదా అని తాళంచెవి ఇచ్చాడు. రౌండ్ కొట్టడానికి పోయినవాడు ఇప్పటికీ రాలేదు. వదిలేసి పోయిన బండి కూడా దొంగదే, దాని ఓనర్ మడికొండ నుంచి వచ్చి తీసుకుపోయాడు.

పరకాల_పిల్లగాడు
మీ బామ్మర్ది రెండు బండ్లకు రౌండ్ కొట్టించిండు 😂

కాజీపేట_లోకో
నవ్వు తమ్మీ నవ్వు. వెనక సీటు మీద మనం కూర్చోవాలి, లేదంటే టెస్ట్ రైడ్ లేదు.

ఫారం29
బండి అమ్మడం అయిపోయాక మొదలయ్యే కష్టం గురించి రెండు ముక్కలు. మన దగ్గర చాలామంది ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చి, చేతులు దులుపుకుంటారు. బండి చేతులు మారుతుంది, ఆర్సీ మారదు. ఆ బండి సిగ్నల్ దాటితే చలానా నీ పేరు మీద వస్తుంది. యాక్సిడెంట్ అయితే ఇంకా ఘోరం. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్ అని, పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇచ్చింది. ఆ కేసులో బండి చాలా చేతులు మారింది, అయినా మొదటి ఓనరే ఇరుక్కున్నాడు.

ఓనర్ పేరు మార్చే కాగితాలు ఫారం 29, ఫారం 30 నింపి, కొనేవాడి పేరు, తేదీ రాశాకే సంతకం పెట్టాలి. అమ్మినట్టు 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలని చట్టంలోనే ఉంది. లోన్ తీరిన బండి అయితే ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ (బాకీ లేదనే కాగితం), ఆర్సీలోంచి వాళ్ల పేరు తీయించే ఫారం 35 ఉండాలి. లోన్ తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అట్లాగే ఉండిపోతుంది చాలా బండ్లకు. డెలివరీ ఇచ్చే రోజు తేదీ, సమయం వేసి ఒక కాగితం రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. సమయం ముఖ్యం, సాయంత్రం 6కి బండి ఇస్తే 7కి చలానా పడొచ్చు.

కొనేవాళ్లకు: ఆర్సీ మీది చాసిస్ నంబర్, బండి మీద కొట్టిన నంబర్ ఒక్కో అంకె కలిపి చూడండి. అక్కడ అరగదీసినట్టు, కొత్తగా పెయింట్ వేసినట్టు ఉంటే వచ్చిన దారినే పోండి. పెండింగ్ చలానాలు తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్లో బండి నంబర్ కొడితే వస్తాయి. నేను చూసిన ఒక బండికి చలానాలే దాని రేటులో పావు వంతు ఉన్నాయి.

నయీంనగర్_నవాబు
అందరికీ థ్యాంక్స్. రేపు రెండో తాళంచెవి కూడా దాచిపెట్టి కూర్చుంటా. మా పక్కింటి రిటైర్డ్ హెడ్ మాస్టర్ గారు తోడు వస్తానన్నారు.

పరకాల_పిల్లగాడు
హెడ్ మాస్టర్ ఉంటే ఇగ భయం లేదు, బామ్మర్దికే ఉంటది భయం.

నయీంనగర్_నవాబు
ఇప్పుడే అంతా అయింది, రాస్తున్నా.

పదకొండుకు కాదు, పదిన్నరకే వచ్చాడు. జమ్మికుంట దగ్గరి పల్లె, వెంట వాళ్ల మేనమామ. పాలిటెక్నిక్ అయిపోయి ఏదో కంపెనీలో చేరాడట, డ్యూటీకి పోవడానికి బండి కావాలి. నేను గేటు దగ్గరే "మీ బావ ఏం చేస్తాడు?" అని అడిగాను. అతను ఇబ్బందిగా నవ్వి "ఏ బావ అన్నా? మీ అన్ననే కదా నాతో మాట్లాడింది" అన్నాడు. అంతే, ఇద్దరికీ అర్థమైపోయింది. మేనమామకు మాత్రం అర్థం కాలేదు, నన్నే దొంగ అనుకుని గొంతు పెంచాడు. హెడ్ మాస్టర్ గారు ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి, మొదటి నుంచి చెప్పారు.

అతని ఫోన్‌లో చూశాం. నా ఆర్సీ ఫోటో "ఇది నాదే" అని పంపి ఉంది. నాకు ఫోన్ చేసిన నంబర్ ఒకటి, అతనికి చేసిన నంబర్ ఇంకోటి. మేం మాట్లాడుతుండగానే అతనికి కాల్ వచ్చింది. స్పీకర్ పెట్టాం, గొంతు అదే. "బండి చూసినవా తమ్మీ, త్వరగా కొట్టు, ఇంకో పార్టీ వస్తోంది" అంటున్నాడు. హెడ్ మాస్టర్ గారు ఫోన్ తీసుకుని "నువ్వు ఏ ఊరి బావవయ్యా?" అని అడగగానే కట్.

నిన్న రాత్రే టోకెన్ అని 3 వేలు వేశాడట పాపం. బండి వేరేవాళ్లకు పోకుండా ఆపాలంటే టోకెన్ కావాలన్నాడట.

గోదావరిఖని_బొగ్గు
31 వేలకు ఆశపడితే ఇట్లనే అయితది. ఆ రేటుకు ఆ బండి ఎక్కడన్నా వస్తదా?

హన్మకొండ_అక్క
ఇరవై ఏళ్ల పిల్లవాడు, మొదటి ఉద్యోగం, చేతిలో ఉన్నదంతా అదే. తక్కువకు వస్తే చూడకుండా ఎవరుంటారు? మీరు ఎక్కువ రేటున్నదే ఎంచుకుని కొంటారా?

సుబేదారి_సుబ్బన్న
వాదన తర్వాత. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశారా లేదా? నిన్న రాత్రి పోయాయి అంటే ఇప్పటికే ఆలస్యం.

నయీంనగర్_నవాబు
మా ఇంట్లోనే కూర్చోబెట్టి చేయించాం. ఏ బ్యాంకు నుంచి పోయాయి, ఎన్ని గంటలకు, ఎవరి యూపీఐ ఐడీకి, ట్రాన్సాక్షన్ 12 అంకెల నంబర్ ఎంత అని అడిగారు. ఆ నంబర్ వెతకడానికే టెన్షన్ పడ్డాం, యాప్‌లో హిస్టరీ తెరిచి ఆ లావాదేవీ మీద నొక్కితే కింద ఉంది. కంప్లైంట్ నంబర్ మెసేజ్ వచ్చింది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో స్క్రీన్‌షాట్లు కూడా ఎక్కించమన్నారు. ఎక్కించాం. నా వైపు నుంచి కూడా ఆ యాడ్, నా ఆర్సీ వాడుకున్న సంగతి రాసి ఇంకో ఫిర్యాదు పెట్టాను.

బట్టలబజార్_బాషా
మూడు వేలకు ఎవడు తిరుగుతాడు భాయ్. రావు.

ఫారం29
రావచ్చు, రాకపోవచ్చు. 1930కి చేస్తే పైసలు ఏ ఖాతాకు పోయాయో ఆ బ్యాంకుకు ఖబర్ పోతుంది, అక్కడ ఇంకా ఉంటే ఆగుతాయి. దొంగలు గంటలోపే ఇంకో ఖాతాకో ఏటీఎంకో తోలేస్తారు, అందుకే తొందర. ఆగిన పైసలను మన రాష్ట్రంలో లోక్ అదాలత్‌ల ద్వారా తిరిగి ఇప్పిస్తున్నారు, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్లు అది చూస్తారు. కేసు నంబర్ పట్టుకుని అడుగుతూ ఉండాలి. ఫిర్యాదే లేకపోతే ఆపేది ఏమీ ఉండదు.

అడ్మిన్
పైన ఇప్పుడే చేరిన ఒక సభ్యుడు "పోయిన డబ్బు 24 గంటల్లో రికవరీ చేసి ఇస్తాం, ముందు 999 కట్టండి" అని నంబర్‌తో పోస్టు పెట్టాడు. తీసేశాను. ఇద్దరు అప్పటికే ఆ పోస్టుకు లైక్ కొట్టారు. ఎవరో పేర్లు చెప్పను.

పరకాల_పిల్లగాడు
ఒకటి నాది. చెయ్యి తాకింది అడ్మినన్నా.

నెక్కొండ_పాడి
ఈ ముచ్చటలోనే నాదీ ఒకటి చెప్పండి. ముర్రా బర్రె వీడియో ఒకటి వచ్చింది నాకు. పూటకు ఎనిమిది లీటర్లట, రెండో ఈత, దూడతో కలిపి 45 వేలు. అమ్మేటాయన హర్యానా. లారీ ఇటే వస్తోంది, ముందు 5 వేలు రవాణాకు కొడితే ఇంటి ముందు దించుతామంటున్నారు. మిగతాది బర్రెను చూశాకే ఇవ్వమంటున్నారు. మోసమైతే మిగతాది తర్వాత ఇమ్మంటారా?

సుబేదారి_సుబ్బన్న
ఐదు వేల కోసమే ఆ యాడ్, 45 కోసం కాదు. రోజుకు పదహారు లీటర్ల ముర్రా, దూడతో 45 వేలా? లక్ష దాటుతుంది. ఐదు వేలు కొట్టాక లారీ నాగ్‌పూర్‌లో ఆగింది, చెక్‌పోస్టు పైసలు, డాక్టర్ సర్టిఫికెట్ పైసలు అని ఒక్కోటి వస్తాయి.

నెక్కొండ_పాడి
వీడియోలో పాలు పిండుతున్నది కనబడుతోంది అన్నా.

ఫారం29
ఆ వీడియో ఎవరిదో. చెవి ట్యాగ్ అడుగు. సర్కారు వేసే పసుపు ట్యాగ్ మీద 12 అంకెలు ఉంటాయి. వీడియో కాల్‌లో ఆ నంబర్ దగ్గరగా చూపించమని, బర్రె పక్కన నిలబడి నీ పేరు చెప్పమని అడుగు. పాత వీడియో ఉన్నోడు చూపించలేడు.

నెక్కొండ_పాడి
అడిగిన. ముందు సిగ్నల్ లేదన్నాడు. గంటాగి మళ్లీ చేస్తే బర్రె మేతకు పోయిందన్నాడు. పొద్దుగూకినంక చేస్తే ట్యాగ్ ఊడిపోయిందని, ఇప్పుడే రెండు వేలు కొడితే కొత్తది వేయిస్తానన్నాడు.

హన్మకొండ_అక్క
ట్యాగ్‌కు కూడా టోకెనా!

నెక్కొండ_పాడి
కొట్టనన్న. బ్లాక్ చేసిండు. బుధవారం అంగడికి పోయి చూసుకుంటా. ఎవరన్నా అటు వచ్చేవాళ్లుంటే చెప్పండి, పండ్లు చూసి వయసు చెప్పేవాళ్లు ఒకరు కావాలె.